‘అత్త’ అన్నారా, ‘అట్ట’ అన్నారా? : కాక్లియర్ ఇంప్లాంట్ విశేషాలు

◆ శబ్దాన్ని కరెంటుగా మార్చి శ్రవణ నాడికి అందించే పరికరం కాక్లియర్ ఇంప్లాంట్. ఏటా ఫిబ్రవరి 25ను అంతర్జాతీయ కాక్లియర్ ఇంప్లాంట్ దినంగా జరుపుతారు. 1957లో అదే తేదీన పారిస్‌లో ఆంద్రె జూర్నో, షార్ల్ ఎయిరియెస్ కలిసి, పూర్తిగా వినికిడి పోయిన ఒక రోగి శ్రవణ నాడికి కరెంటు తగిలేలా తీగ అమర్చారు. అతనికి కీచురాళ్ళ రొద లాంటి చప్పుళ్ళు వినిపించాయి. ఈ కథకు పుదుచ్చేరితోనూ ముడి ఉంది. ఆ ఏడాది ఆ ఊరి పరిస్థితి విచిత్రం. 1954 నవంబర్ 1 నుంచి పాలన భారతదేశానిది, చట్టం దృష్టిలో మాత్రం ఊరు ఇంకా ఫ్రాన్సుదే. 1962 ఆగస్టు 16 దాకా అలాగే నడిచింది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాల అప్పటికి ఈ ఊళ్ళోనే ఉంది. 1964లో అదే కేంద్ర వైద్య సంస్థ జిప్‌మర్ అయింది. పుట్టు చెవుడున్న పిల్లలకు ఈ పరికరం అమర్చే శస్త్రచికిత్సలు ఇప్పుడు ఆ జిప్‌మర్ ఈఎన్‌టీ విభాగంలో జరుగుతున్నాయి. తెలుగువాళ్ళ యానాంలో జిప్‌మర్ తెరిచిన ఆస్పత్రి విభాగం ప్రారంభమైంది కూడా ఫిబ్రవరి 25నే, 2024లో. కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగ్గ తేదీ.

◆ 1957కు చాలా ముందే, బ్యాటరీ కనిపెట్టిన వోల్టా తన రెండు చెవుల్లో లోహపు కడ్డీలు పెట్టుకుని కరెంటు పంపుకున్నాడు. చిక్కటి ద్రవమేదో కుతకుత ఉడుకుతున్నట్టు వినిపించిందని రాశాడు. ఆ ప్రయోగం మళ్ళీ చేయడానికి ఆయనకే మనసు రాలేదు.

◆ లోపలి చెవిలో వినికిడి భాగమైన కాక్లియా నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. అంత సన్నటి చుట్టలోకి తీగ దూర్చడం ఎలా? ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్‌కు 1977లో సముద్రపు ఒడ్డున జవాబు దొరికింది. ఒక గవ్వలోకి గడ్డిపరక తోసి చూశాడు. కొస మెత్తగానూ, మొదలు గట్టిగానూ ఉన్న పరక చుట్టల వెంట సులువుగా లోపలికి పోయింది. మరుసటి ఏడాది ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో తన బహుళ చానెళ్ళ పరికరాన్ని మొదటిసారి మనిషికి అమర్చాడు. ఆయన ఈ దారి పట్టడానికి తండ్రి వినికిడి లోపమే ప్రేరణ.

◆ పుట్టిన బిడ్డకు చెవిలోని ఈ నత్తగుల్ల పెద్దవాళ్ళంత సైజులోనే ఉంటుంది, ఇక పెరగదు. ఏడాది బిడ్డకు పెట్టిన తీగ పెద్దయ్యాక చిన్నదైపోతుందేమోనన్న భయం అందుకే అక్కర్లేదు.

◆ సహజమైన చెవిలో శబ్దాన్ని నాడికి అందించే లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500. ఇంప్లాంటులో ఆ పని చేసే ఎలక్ట్రోడ్లు కంపెనీని బట్టి 12, 16 లేదా 22. ఇంత కొద్దిపాటి సరంజామాతో మాట అర్థమవడమే ఒక అద్భుతం. ఈ అద్భుతం ఆపరేషన్ థియేటర్లో పూర్తవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ మొదలవుతుందంతే.

◆ కుట్లు మానాక, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు, ‘స్విచ్ ఆన్’ జరుగుతుంది. చెవి వెనక శబ్దాన్ని అందుకునే ప్రాసెసర్, తల మీద అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ పెట్టి వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్ కంప్యూటర్‌కు కలుపుతారు. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు రెండు హద్దులు వెతకాలి. వినీవినిపించనంత తక్కువ కరెంటు ఒకటి, ఇబ్బంది లేకుండా వినగలిగిన ఎక్కువ కరెంటు మరొకటి. ఈ హద్దుల పట్టికనే ‘మ్యాప్’ అంటారు. తల్లిదండ్రుల నోట ‘మ్యాపింగ్‌కి వెళ్ళాలి’ అన్న మాట ఇలా వచ్చిందే.

మామూలు చెవి సుమారు 120 డెసిబెల్స్ పరిధిని తట్టుకుంటుంది. కరెంటుతో వినే చెవికి ఆ రెండు హద్దుల మధ్య మిగిలే చోటు చాలాసార్లు 10 నుంచి 20 డెసిబెల్స్. గుసగుస నుంచి కేక దాకా అన్నీ ఆ ఇరుకులోనే పట్టాలి. కింది హద్దు ఎక్కువ పెడితే ఎప్పుడూ ఏదో హోరు. పై హద్దు తక్కువ పెడితే మాటలన్నీ చప్పగా ఒకటే తీరు. ఎక్కువ పెడితే బిడ్డ బెదిరి కాయిల్ పీకి పారేస్తుంది. మొదటి నెలల్లో నాడి అలవాటు పడుతున్నకొద్దీ ఈ అంకెలు మారిపోతుంటాయి కాబట్టే మళ్ళీ మళ్ళీ రమ్మంటారు. ‘మిషను పాడైందేమో’ అని కంగారు పడాల్సిన పని లేదు.

◆ మాటలు రాని బిడ్డ తనకు వినపడిందని ఎలా చెబుతుంది? కాస్త పెద్ద పిల్లలైతే ఆటే పరీక్ష. బీప్ వినపడగానే పూస డబ్బాలో వేయాలి. మరీ చిన్నవాళ్ళకు యంత్రమే సాయం చేస్తుంది. కరెంటు పంపాక నాడి ఇచ్చే బదులును లోపలి పరికరమే కొలిచి బయటికి పంపుతుంది. పెద్ద శబ్దానికి మధ్య చెవిలో ఒక బుల్లి కండరం బిగుసుకుంటుంది. అది ఏ స్థాయిలో బిగుసుకుంటుందో చూసి పై హద్దు అంచనా వేస్తారు. అయినా ఇవి అంచనాలే. ఆడియాలజిస్ట్ కళ్ళు మాత్రం బిడ్డ ముఖం మీదే ఉంటాయి.

◆ మ్యాప్ కుదిరిందా లేదా అన్నది భాషను బట్టీ ఉంటుంది. కొరియన్ భాషలో ‘తల్’ అన్న మాటలోని ‘త’ను మూడు తీర్లుగా పలుకుతారు. ఒకలా పలికితే చంద్రుడు, గొంతు బిగించి పలికితే కూతురు, ఊపిరి వదిలి పలికితే ముసుగు. సియోల్ యువత మాటలో మొదటిదానికీ మూడోదానికీ ఊపిరి తేడా చాలామటుకు చెరిగిపోయి, స్వరం ఎత్తు తేడా మిగిలింది. ముసుగు అన్నప్పుడు గొంతు కాస్త పైన మొదలవుతుంది. ఇంప్లాంటు అంత బాగా అందించలేని సంగతుల్లో స్వరం ఎత్తు ముందుంటుంది. కాబట్టి ఇంగ్లీషు పదాల పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న మ్యాప్ కొరియన్ చెవికి చాలుతుందని చెప్పలేం. ఆ భాషలో ఏ తేడా దేని మీద నిలబడిందో తెలిసినవాళ్ళే ఆ మ్యాపును సరిచూడాలి.

◆ ఇక మన తెలుగు. ఇంప్లాంటుకు కాలం బాగా తెలుసు. శబ్దం ఎంతసేపు సాగింది, ఎక్కడ ఆగింది అన్నది చక్కగా అందిస్తుంది. మనకు అదృష్టవశాత్తూ హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం చాలావరకు కాలంతో తేలిపోయేవే. ‘మర’కూ ‘మార’కూ, ‘కల’కూ ‘కల్ల’కూ ఉన్న తేడా పిల్లలకు తొందరగా చిక్కుతుంది. ‘పాట, బాట’, ‘కాలి, గాలి’ లాంటి జతలూ సాధనతో వచ్చేస్తాయి.

అసలు చిక్కు ‘అత్త’, ‘అట్ట’ దగ్గర. రెండింటికీ అచ్చులు ఒకటే, నిడివి ఒకటే, లయ ఒకటే. నాలుక పళ్ళకు తగిలిందా, వెనక్కి మడత పడిందా అన్నదొక్కటే తేడా. శబ్దంలో ఆ తేడా ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అదీ సెకనులో చిన్న ముక్కసేపే. అంతా కొద్ది చానెళ్ళ (ఎలక్ట్రోడ్ల) మీద భారం. పెదవులు చూసి గ్రహిద్దామంటే నాలుక లోపలెక్కడో ఉంటుంది, బయటికి కనపడదు. పద్దాక ‘అత్త’ను ‘అట్ట’ అంటున్న పాపను శ్రద్ధ లేదని మందలించడం అన్యాయం. ఆ చానెళ్ళలో పై హద్దు తక్కువై ఉండొచ్చు, ఏదో ఎలక్ట్రోడ్ ఆపేసి ఉండొచ్చు, ఆ ఎత్తు శబ్దాలను పంచే పట్టికను మార్చాల్సి ఉండొచ్చు. ముందు మ్యాప్ చూడాలి, తర్వాతే పిల్లను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొన్ని ఇళ్ళలో మామూలు మాటలో ‘ణ’ను ‘న’గా, ‘ళ’ను ‘ల’గా పలుకుతారు. ఆ ఇంటి బిడ్డ ‘కళ’ను ‘కల’ అంటే మిషనులో లోపం వెతకడం దండగ. పరీక్షించేవాళ్ళకు పుస్తకం తెలుగుతో పాటు ఆ ఇంటి తెలుగు కూడా తెలిసుండాలి.

◆ ఇంటి భాష తెలిసుండాలన్న ఈ మాట పుదుచ్చేరిలో మరీ బరువైనది. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైకాల్ తమిళం, యానాం తెలుగు, మాహే మలయాళం. పట్నంలో ఫ్రెంచి మాట్లాడే ఇళ్ళూ ఉన్నాయి. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. తెలుగులో అదే తేడాతో ‘కాలి’ ‘గాలి’ అయిపోతుంది. తమిళానికి కట్టిన పదాల జాబితా, అది ఎంత మంచిదైనా, యానాం పిల్ల ఏం పోగొట్టుకుంటోందో చూపించదు. ఇంటి భాషలో పరీక్షించమని అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదని నా గట్టి అభిప్రాయం. జాబితా లేకపోతే ఇంట్లో రోజూ వాడే మాటల జతలు రాసుకుని వెళ్ళినా పనికొస్తాయి.

◆ ఆరు శబ్దాల పరీక్ష ఒకటుంది. డేనియల్ లింగ్ చెప్పినది, ఇంట్లో రోజూ పొద్దున్నే నిమిషంలో అయిపోతుంది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మూతి కనపడకుండా, వరస మార్చి మార్చి అనాలి. ‘మ్’ అడుగు శబ్దం, ‘స్’ అన్నిటికన్నా పైది. ‘స్’కు బిడ్డ పలకడం లేదంటే పై చానెళ్ళ సంగతి చూడాలి. ‘ఊ’నూ ‘ఈ’నూ కలిపేస్తోందంటే విషయం ఇంకా ముఖ్యం. ఆ రెండింటికీ అడుగు భాగం దాదాపు ఒకటే, పై భాగంలోనే తేడా. ‘ఈ’లో ఆ పై భాగం 2,000 హెర్ట్జ్ దాటి ఉంటుంది, అది అందకపోతే రెండూ ‘ఊ’లే. మూతికి చెయ్యో కాగితమో అడ్డం పెడితే ‘స్’ లాంటివి మసకబారతాయి. అందుకే మాట నేర్పే థెరపీ గదుల్లో ఎంబ్రాయిడరీ చట్రానికి స్పీకర్ గుడ్డ బిగించి పెట్టుకుంటారు.

◆ సముద్రపు గాలి మనుషులకు హాయి, ప్రాసెసర్లకు శత్రువు. ఉప్పు, తేమ కలిసి మైక్రోఫోన్‌ను మందగింపజేస్తాయి. అప్పుడు మ్యాప్ సరిగ్గానే ఉన్నా మాట మసకగా వినిపిస్తుంది. రాత్రిళ్ళు ఆరబెట్టే డబ్బాలో పెట్టడం పుదుచ్చేరి లాంటి ఊళ్ళో తప్పనిసరి. పార్కులో ప్లాస్టిక్ జారుడుబల్ల ఎక్కే ముందు ప్రాసెసర్ తీయమని చెప్పడానికీ కారణముంది. జారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు పాత మోడళ్ళలో మ్యాపునే చెరిపేసేది.

◆ పుదుచ్చేరిలో మహాత్మా గాంధీ రోడ్డు మీద ఆదివారం సంతలో పక్కవాళ్ళ మాట మామూలు చెవులకే కష్టం. ఇంప్లాంటు వాడేవాళ్ళకు రొద అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ప్రాసెసర్‌లో ఒకటి కన్నా ఎక్కువ ప్రోగ్రాములు దాచుకోవచ్చు. ఇంటికొకటి, రొదలోకి ఒకటి. రొద ప్రోగ్రాములో రెండు మైక్రోఫోన్లు కలిసి ఎదురుగా ఉన్నవాళ్ళ మాటను ముందుకు తెస్తాయి. తరగతి గదిలో మాత్రం పక్క పిల్లల కబుర్లు కూడా చెవిన పడాలి, రొద ప్రోగ్రాములోనే రోజంతా ఉంచేయడం మంచిది కాదు.

◆ అమెరికాలో పిల్లలకు ఈ పరికరం అనుమతించిన కనీస వయసు 1990లో రెండేళ్ళు, 2000లో ఏడాది, 2020లో తొమ్మిది నెలలు. భాష నేర్చుకునే మెదడు ఎవరికోసమూ ఆగదు కాబట్టే ఈ తొందర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఖరీదైన చికిత్సను పేద పిల్లల దాకా తీసుకెళ్ళింది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద కూడా ఇంప్లాంట్లు ఇస్తున్నారు. ఆపరేషన్ ఖర్చు తేలాక మిగిలే ఖర్చులను కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. బ్యాటరీలు, తెగిపోయే కేబుళ్ళు, పాడయ్యే కాయిళ్ళు, ఏళ్ళ తరబడి థెరపీకి రానుపోను చార్జీలు.

◆ యానాం నుంచి పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని, పసిపిల్లను ఎత్తుకుని గంట మ్యాపింగ్ కోసం అంత దూరం రావడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? 2017 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక కంపెనీ ప్రాసెసర్లకు దూరం నుంచే ప్రోగ్రామింగ్ చేసే పద్ధతిని అనుమతించింది. బిడ్డ దగ్గర ఒక సహాయకుడు, కంప్యూటరు, నెట్ ఉంటే చాలు, ఆడియాలజిస్ట్ మరో ఊళ్ళో కూర్చుని హద్దులు సరిచేయొచ్చు. మొదటి స్విచ్ ఆన్ ఎదురుగా జరగడమే మేలు. తర్వాతి చిన్న చిన్న సవరణలకు మాత్రం యానాం గదిలో బిడ్డ, తెర మీద ఆడియాలజిస్ట్, పక్కన ‘అత్త’నూ ‘అట్ట’నూ ఆ ఊరి యాసలో పలికే మనిషి ఉంటే సరిపోతుంది. అక్కడిప్పుడు జిప్‌మర్ విభాగమే ఉంది, ఈ ఏర్పాటు అడగాల్సిన చోటు అదే.