సెంట్ లూయీ చేరువలో

1897 జూలై నెల నాలుగవ వారమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు మట్టిబాటలపై ఒక విచిత్రమైన సైనికదళము సాగిపోవుచుండెను. గుఱ్ఱములు లేవు, ఫిరంగులు లేవు. దుమ్ము కొట్టుకొనిన దుస్తులతో, తుపాకులతో, నల్లజాతి సైనికులు సైకిళ్లు త్రొక్కుచు తూర్పుదిక్కుగా పోవుచుండిరి.

వారు 25వ పదాతి పటాలమువారు. జూన్ 14వ తేదీన మోంటానా రాష్ట్రములోని మిసౌలా కోటనుండి 20 మంది బయలుదేరిరి. గమ్యము సెంట్ లూయీ నగరము. దూరము 1,900 మైళ్లు. నాయకుడు లెఫ్టినెంట్ జేమ్స్ మాస్, శ్వేతజాతీయుడు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో 1894వ సంవత్సరమున ఉత్తీర్ణులైన వారిలో ఇతడు కట్టకడపటివాడు! వెనుక బల్లల విద్యార్థులకు ఇది ఎంత ఊరటయో గాని, ఇతనికి పుట్టిన ఆలోచన మాత్రము సామాన్యమైనది కాదు. సైకిలు గడ్డి మేయదు, నీరు త్రాగదు, సకిలించి శత్రువునకు జాడ తెలుపదు. అట్టి వాహనము సైన్యమునకు ఏ మేరకు ఉపకరించునో తేల్చవలెనని అతని సంకల్పము. వెంట ఒక వైద్యుడును, పందొమ్మిదేండ్ల పత్రికావిలేఖరియు వచ్చిరి.

సామాను కట్టిన సైకిలు బరువు సుమారు 59 పౌనులు. దానిని త్రొక్కుట కంటె త్రోయుటయే అధికమయ్యెను. రాకీ పర్వతములలో జూన్ మాసముననే మంచుతో కూడిన వాన కురిసెను. బంకమన్ను చక్రములకు అంటుకొని అడుగు కదలనీయలేదు. బాట వదలి రైలుపట్టాల నడుమ కొయ్యదిమ్మెలపై నడిపింపగా, ప్రతి దిమ్మెకును ఒక కుదుపు, ఎముకలు కదలిపోయెను. పిమ్మట నెబ్రాస్కా ఇసుకదిబ్బలు. ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీటు. దొరకిన నీరు చవుడు నీరు. అది త్రాగి పలువురు జబ్బుపడిరి. మాస్ సైతము మంచము పట్టి వెనుక నిలిచిపోగా, వైద్యుడే కొంతకాలము దళమును నడిపెను. నుదురు కాలుచున్నను, కాళ్లు బొబ్బలెక్కినను, ఇసుకలో సైకిలు త్రోయక తప్పలేదు.

ఇక మిస్సోరీ. గమ్యము దగ్గఱయ్యెను, కష్టములు తీరినట్లే యని తోచును. కాని అంతర్యుద్ధకాలము వఱకును బానిసత్వము చెల్లిన గడ్డ అది. నల్లవారు తమ పొలములో విడిది చేయుటకు అంగీకరింపని వారును అచ్చట ఎదురైరి. దేశపు జెండా క్రింద నౌకరి చేయువారికి ఆ దేశమున ఒక రాత్రి పండుకొనుటకు చోటు కఱవగుట కంటె ఇసుకదిబ్బయే నయము కాదా?

జూలై 24వ తేదీ సాయంకాలము వారు సెంట్ లూయీ చేరిరి. నగరములోని సైకిలు ప్రియులు ఎదురేగి స్వాగతమిచ్చి, వెంటబెట్టుకొని ఫారెస్ట్ పార్కునకు కొనిపోయిరి. వారి విన్యాసములు చూచుటకు వేలకొలది జనము వచ్చెను. మొత్తము 41 దినములు పట్టెను. అందు ప్రయాణము సాగినది 34 దినములే. అనగా దినమునకు సగటున 56 మైళ్లు.

తిరుగుప్రయాణము మాత్రము రైలులో! సైకిళ్లు వాటి నిచ్చిన కంపెనీకి చేరెను. మఱుసటి యేడు మాస్ శాన్ ఫ్రాన్సిస్కోకు యాత్ర తలపెట్టగా పైవారు అనుమతింపలేదు. అంతలో స్పెయినుతో యుద్ధము వచ్చి, 25వ పటాలమును క్యూబాకు పంపిరి.

ఈ యాత్రికులలో మింగో సాండర్స్ అను సార్జంటు ఒకడు. పేలుడులో ఒక కంటిచూపు చాలవఱకు చెడినను 1,900 మైళ్లు పూర్తిచేసినవాడు. క్యూబాలో థియొడోర్ రూజ్వెల్ట్ తన దళమునకు ఆహారము కావలెనని అడుగగా, తనవారి రొట్టెలలో పాలు పంచి ఇచ్చెనని చెప్పుదురు. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ పట్టణమున రాత్రివేళ కాల్పులు జరిగి ఒకడు మరణించెను. దోషులు ఎవరో తేలకయే, విచారణ లేకయే, ఆ పటాలములోని 167 మంది నల్లజాతి సైనికులను కొలువునుండి తొలగించిరి. తొలగించిన అధ్యక్షుడు ఆ రూజ్వెల్టే. తొలగింపబడినవారిలో సాండర్స్ కలడు. పాతికేండ్లు దాటిన నౌకరి పోయెను. చేతికందవలసిన పింఛను పోయెను. మరల చేర్చుకొండని మొఱపెట్టుకొన్నను ఫలింపలేదు.

ఆ తొలగింపు అన్యాయమని అమెరికా సైన్యము 1972లో అంగీకరించెను. అప్పటికి సాండర్స్ కన్నుమూసి 43 సంవత్సరములు.