పొలానికి జింకు, పెద్దలకు చారన్నమా?

వెల్గటూర్ ప్రాంతంలో వరి పండించే రైతుకు జింకు లోపాన్ని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. నాటిన కొన్ని వారాలకు ఆకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడి పైరు గిడసబారితే, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తాడు. అదే ఇంట డెబ్బై ఏళ్ళ తండ్రి మాటిమాటికీ జలుబు, దగ్గులతో మంచం పడితే మాత్రం వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. వయసు కారణమే, కాని అదొక్కటే కారణం కాదు.

తుత్తునాగమనే ఈ లోహమే ఆయుర్వేదంలోని యశదం. మన శరీరం మొత్తంలో ఉండేది 2, 3 గ్రాములే. దానికి ప్రత్యేకమైన నిల్వ లేదు గనుక ఏ రోజుకారోజు ఆహారం ద్వారా అందవలసిందే. రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథి రోగక్రిములతో పోరాడే టి-కణాలను తీర్చిదిద్దుతుంది. వయసుతో ఈ గ్రంథి కుంచించుకుపోతుంది. ఇది స్రవించే థైములిన్ అనే హార్మోను జింకు లేనిదే పనిచేయదు. అంటే వార్ధక్యం తగ్గించిన శక్తిని జింకు కొరత మరింత తగ్గిస్తుంది.

ఇక మన ఇళ్ళలో జరిగేది చూడండి. పళ్ళు ఊడగానే శనగలు, పెసలు, మాంసం పళ్ళెంలోనుండి తప్పుకుంటాయి. మిగిలేది మెత్తని అన్నం, చారు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో జింకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన మోతాదు పురుషులకు రోజుకు 17, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాములు. పైగా జింకు తగ్గితే నాలుకకు రుచి తెలియదు. రుచి లేక తిండి మరింత తగ్గుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మూత్రకారక ఔషధాలతోనూ జింకు బయటకు పోతుంది.

నువ్వులు ఇందుకు చక్కని ఆహారం. వందగ్రాములలో 7 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉన్నది. దోరగా వేయించి, మెత్తగా దంచి, రోజూ రెండు చెంచాల పొడి అన్నంలో కలిపి పెట్టవచ్చు. జొన్న, సజ్జ, మక్కలలోని ఫైటేట్లు జింకును పట్టి ఉంచి పేగులలో ఇంకనివ్వవు. పిండిని పులియబెట్టి కాచే అంబలిలో, నానిన గింజలలో, మొలకలలో ఈ ఆటంకం తగ్గుతుంది. పెసర మొలకలను ఆవిరిపై ఉడికించి నూరితే పళ్ళు లేనివారూ తినగలరు. మాంసాహారులు పెద్దలకు పులుసు మాత్రం పోసి ముక్కలు పిల్లలకు వేయటం మానాలి. జింకు అధికభాగం ముక్కలోనే ఉంటుంది. కైమా చేసి వండితే సరి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, మాంసాలను వైద్యుడు చెప్పిన మేరకే తీసుకోవాలి.

బిళ్ళల సంగతి వేరు. మానవునికి జింకు ఆవశ్యకతను వెల్లడించిన వైద్యుడు ఆనంద ప్రసాద్ బీహారులోని బక్సర్‌లో జన్మించినవారు. 2007లో ఆయన బృందం ప్రచురించిన పరీక్షలో 55 నుండి 87 ఏళ్ళ 50 మందిని పరిశీలించారు. ఏడాదిపాటు రోజుకు 45 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో అంటువ్యాధులు తగ్గాయి. ఆశాజనకమే, కాని పరీక్ష చిన్నది. రోజుకు 40 మిల్లీగ్రాములు మించి దీర్ఘకాలం వాడితే రాగి కొరత ఏర్పడి రక్తహీనత, నరాల బలహీనత రావచ్చు. కొన్ని యాంటీబయాటిక్ మందులను కూడా జింకు పనిచేయనివ్వదు. యశద భస్మానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. దుకాణంలో అడిగి కొని తేనెలో రంగరించుకునే వస్తువు కాదది.