కోపమొస్తే రాత్రి ఆగి పంపమన్నారు

పోయిన పంటప్పుడు మన గ్రూపులో ఒక ఫార్వర్డు తిరిగింది, గుర్తుందా? గూళ్ల మార్కెట్ మూడు రోజులు బంద్ అని. తేదీ లేదు, రాసిందెవరో లేదు. అప్పుడే చంద్రికల మీంచి గూళ్లు దించిన ఒక అన్న అది నమ్మాడు. మూడు రోజులాగితే గూడు చీల్చుకుని చిలుక బయటికొస్తుందేమోనని భయపడి, ఇంటి దగ్గరికొచ్చిన దళారి అడిగిన రేటుకే ఇచ్చేశాడు. మర్నాడు మార్కెట్ తెరిచే ఉంది. ఆ మెసేజీ ఏడాది కిందటిదట. దాన్ని ముందుకు తోసినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఆ సిగ్గుతోనే ఇంటర్నెట్ మర్యాదల సంగతి కొంచెం తెలుసుకున్నాం. వీటికి ఒక పాత పత్రం ఉంది, పేరు ఆర్.ఎఫ్.సి. 1855. 1995 అక్టోబరులో ఇంటెల్ కంపెనీలో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ రాశారు. వరసకి 65 అక్షరాల లోపే ఉండాలి, కింద సంతకం నాలుగు వరసలు మించకూడదు, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు లెక్క. (మన తెలుగుకి పెద్దక్షరాలే లేవు. మనవాళ్లు అరవాలంటే వాయిస్ మెసేజీ పెడతారు.) గొలుసు ఉత్తరాలు పంపనే కూడదు. కోపంగా జవాబు రాస్తే రాత్రంతా ఆగి పంపాలి. గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు నెలా రెండు నెలలు చదువుతూ ఉండి, తర్వాతే నోరు విప్పాలి. మన లెక్కన దగ్గర దగ్గర రెండు పంటలు!

అంత ఓపిక ఎలా కుదిరిందంటే, అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నది ఎక్కువగా అమెరికా యూనివర్సిటీల వాళ్లు. ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులొచ్చి గోల చేసేవారు, పాతవాళ్లు మందలించి దారిలో పెట్టేవారు. 1993-94లో ఏఓఎల్ లాంటి కంపెనీలు తమ ఖాతాదారులందరికీ తలుపు తీశాయి. ఇక జనం రావడం ఆగలేదు. పాతవాళ్లు దానికి 'ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టారు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు అమెరికా గ్రీన్‌కార్డు ప్రకటనని వేల గ్రూపుల్లో ఒక్కసారే గుమ్మరించారు. అంటే ఆ పత్రం రాసేసరికే కట్ట తెగింది.

ఇంకో సంగతి. అవన్నీ కూర్చుని రాసేవాళ్ల కోసం పెట్టిన నియమాలు. ఫార్వర్డుకి రాసే పనే లేదు, వేలు ఆనిస్తే చాలు. అందుకే 2018 జులైలో మన దేశంలో పుకార్లకి జనం ప్రాణాలు పోయాక, వాట్సాప్ ఒకసారికి అయిదు చాట్‌లకి మించి పంపనివ్వకుండా కట్టడి పెట్టింది. బాగా తిరిగిన మెసేజీలని 2020 ఏప్రిల్ నుంచి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. మంచిదే గానీ, మా తప్పుని అది ఆపేది కాదు. మేం పంపింది ఒక్క గ్రూపుకే.

రాత్రి ఆగమన్న మాట కూడా మనకి అన్నివేళలా పనికిరాదు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఒళ్లు ఉబ్బి పాలలాంటి నీరు కారుతుంటే, ఆ ఫొటో పొద్దుటిదాకా ఆగకూడదు. జబ్బు పురుగుల్ని అప్పుడే ఏరెయ్యాలి. అలాంటి ఫొటోలే మన గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి కనపడకుండా పోతున్నాయి.

మార్కెట్ కబురొస్తే మేమిప్పుడు ముందు అక్కడికి వెళ్లినవాళ్లకి ఫోన్ చేస్తున్నాం. ఆ అన్న గ్రూపు వదల్లేదు. ఏ ఫార్వర్డు వచ్చినా కింద ఒక్క మాటే రాస్తాడు: 'తేదీ?'