క్లోమమునకు కబురు తెచ్చునది ఏది?

ఆవకాయ జాడీ మూత తీసిన వాసన తగిలినంతనే మనకు నోరూరును. ముద్ద ఇంకను నోటికి అందలేదు. అయినను లాలాజల గ్రంథులు పనికి పూనుకొన్నవి. ముక్కు మెదడునకు తెలిపెను, మెదడు నాడుల ద్వారా గ్రంథులకు ఆజ్ఞ పంపెను. జీర్ణాశయము సైతము ఇట్లే అన్నము రాకముందే రసమును ఊరించునని రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కలపై పరీక్షలు జరిపి నిరూపించెను. జీర్ణక్రియను గూర్చిన కృషికే 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు అంతయు జీర్ణాశయము దాటిన పిమ్మటనే కలదు.

జీర్ణాశయములోని రసము తీక్ష్ణమైన ఆమ్లము. అన్నము అందు కొన్ని గంటలు చిలుకబడి, గంజివలె పలుచనై, కొంచెము కొంచెముగా చిన్నప్రేవుల మొదటి భాగమున ప్రవేశించును. జీర్ణాశయపు గోడకు దట్టమైన జిగురుపొర రక్షగా నున్నది. చిన్నప్రేవులకు అంతటి కవచము లేదు. పైగా అచ్చటి జీర్ణరసములు ఆమ్లములో సరిగా పనిచేయజాలవు. కావున ఆమ్లమును విరిచెడి క్షారరసమును క్లోమము సకాలమున పంపవలెను. జీర్ణాశయము వెనుక ఒదిగియున్న ఆ గ్రంథికి, పొరుగున ఆమ్లము చేరినదని తెలుపునది ఏది?

ఇదియు నాడుల పనియే అని పావ్లోవ్ పక్షమువారి తలంపు. 1902 జనవరిలో లండను యూనివర్సిటీ కాలేజీ యందు విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనువారు దీనిని పరీక్షకు పెట్టిరి. వీరిరువురు బావ, బావమరదులు. స్టార్లింగు సోదరిని బేలిస్ వివాహమాడెను. మత్తిచ్చిన కుక్కయొక్క ప్రేవు ముక్కకు నాడీ సంబంధము లన్నింటిని త్రెంచి, రక్తనాళములను మాత్రము నిలిపి, అందు ఆమ్లమును పోసిరి. క్లోమము ఎప్పటివలెనే రసము నిచ్చెను. తీగ తెగినను వార్త చేరినదన్నమాట! అంతట ప్రేవు లోపలి పొరను గీకి, ఇసుకతోను ఆమ్లముతోను నూరి, వడగట్టి, ఆ ద్రవమును రక్తములోని కెక్కించిరి. క్లోమరసము మరల స్రవించెను. వట్టి ఆమ్లమును రక్తములోని కెక్కించినచో ఈ ఫలితము కలుగదు. వార్తాహరుడు ప్రేవుపొరలోనే పుట్టి, రక్తప్రవాహమున పయనించుచున్నాడు.

ఆ పదార్థమునకు వారు సెక్రిటిన్ అని పేరిడిరి. ఇట్టి దూతల కన్నింటికి వర్తించునట్లు 1905లో స్టార్లింగ్ వాడిన పదమే ‘హార్మోను’. ప్రేరేపించుట అను అర్థముగల గ్రీకు ధాతువు నుండి అది పుట్టినది. శ్రోతలు నిత్యము వినెడి ఈ మాట ప్రేవుల పుణ్యమున వచ్చినదే!

ఇందలి పొదుపు మాకు మిక్కిలి నచ్చినది. ఆమ్లము సెక్రిటిన్‌ను పుట్టించును. సెక్రిటిన్ క్షారరసమును రప్పించును. క్షారము ఆమ్లమును విరిచివేయగా సెక్రిటిన్ పుట్టుట తగ్గును. పని ముగియుటయే పని నాపు సంకేతము.

నేయి, నూనె ప్రేవులను చేరినపుడు కొలిసిస్టోకైనిన్ అను మరియొక దూత బయలుదేరును. దానిని 1928లో కనుగొనిరి. అది పిత్తకోశమును ముడుచుకొనజేసి పైత్యరసమును రప్పించును. జీర్ణాశయమును నెమ్మదిగా పనిచేయుమని హెచ్చరించును. పెండ్లిభోజనము చేసిన నాడు మాపటి వరకు ఆకలి కాకుండుటకు కొంత కారణ మిదియే. ఈ హెచ్చరికలో నాడులకును పాలు కలదు గనుక, పావ్లోవ్ పూర్తిగా ఓడెనని చెప్పుట న్యాయము కాదు.

క్లోమము ఇన్సులినును రక్తములో విడుచుట యందును ప్రేవుల మాట చెల్లును. గ్లూకోజును రక్తములోని కెక్కించినప్పటికంటె నోట త్రాగించినపుడు ఇన్సులిన్ అధికముగా వెలువడునని 1964లో తేలినది. ప్రేవులు ముందుగా కబురంపుటయే దీనికి హేతువు. అట్టి కబురు మోయు హార్మోనులలో ఒకదానిని అనుకరించు మందులు 2005 నుండి మధుమేహ చికిత్సలో వాడుకలోనికి వచ్చినవి. అవి ఇన్సులినును పెంచుటయే గాక జీర్ణాశయమును గూడ మందగింపజేయును. వానిని వాడువారిలో పలువురికి మొదట వికారము కలుగుటకు ఇదియు నొక కారణము.