జపానులో పూటకూళ్లు

ఉద్యోగమునకు ఆరునెలలో, ఏడాదియో జీతములేని సెలవు పెట్టి దేశాంతరములు చూడబోవువారు ఈ కాలమున మనలోను కనబడుచున్నారు. పది దినముల యాత్రికునకును వీరికిని ఒక భేదమున్నది. పది దినములు హోటలువారు పెట్టిన రొట్టెతోను, పెట్టెలో తెచ్చుకొన్న కారప్పొడితోను గడచిపోవును. నెలల తరబడి అట్లు గడవదు. సంపాదన ఆగినది గనుక ఖరీదైన భోజనశాలలకు పోవుటకు వీలులేదు. అద్దెగదిలో పొయ్యి ఉండకపోవచ్చును. ఊరివారు తినుచోటనే తానును తినక తప్పదు. ఆ తినుట ఎట్లో నేర్వనివాడు దేశమంతయు తిరిగియు అర్ధాకలితో ఇల్లు చేరును. నేను జపానులో కొన్ని మాసములుండి నేర్చుకొన్న దానిని ఇందుకు నిదర్శనముగా మనవి చేసెదను.

మొదటి వారము నేను తినినవి అరటిపండ్లు, రొట్టెముక్కలు. ఏ చిన్న భోజనశాలకు పోయినను గుమ్మమునకు గుడ్డతెర వ్రేలాడుచుండెను. లోపల ఏమున్నదో కనబడదు. తెర వేసినారు గదా, మూసినారు కాబోలునని వెనుకకు మరలుచుంటిని. నిజము దీనికి విరుద్ధము. నోరెన్ అను ఆ తెర బయట వ్రేలాడుచున్నచో అంగడి తెరచియున్నదని అర్థము. దానిని లోనికి తీసినచో ఆ పూటకు కట్టివేసినారని అర్థము. ఈ చిన్న సంగతి తెలియక వారము దినములు పస్తుంటిని.

భాష రాదే, ఏమని అడుగుదుమను బెంగ అక్కరలేదు. అనేక భోజనశాలల ముంగిట అద్దాల బీరువాలో వంటకముల నమూనాలు, వెలలతో సహా, అమర్చియుండును. తకిజో ఇవాసాకి అనునాయన 1932లో ఒసాకా నగరమున మైనముతో ఇట్టివి చేయు వ్యాపారము ప్రారంభించెను. ఇప్పుడు వానిని ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. వడ్డించువానిని బయటికి పిలిచి వేలితో చూపిన చాలును. మరికొన్ని చోట్ల గుమ్మముకడ యంత్రముండును. అందులో డబ్బు వేసి, కావలసిన వంటకపు మీట నొక్కినచో చీటి వచ్చును. దానిని వంటవానికి ఇచ్చి కూర్చుండవలెను.

మితవ్యయమునకు మధ్యాహ్న భోజనము మేలు. రాత్రి ఎక్కువ వెల పలుకు చోట్ల సైతము మధ్యాహ్నము తక్కువలో తినవచ్చును. తెయిషోకు అని అడిగినచో ఒక పళ్లెరములో అన్నము, మిసో పులుసు, ఊరవేసిన కూరలు, ఒక ముఖ్యమైన వంటకము పెట్టి తెత్తురు. అన్నపుగిన్నె ఎడమవైపునను, పులుసుగిన్నె కుడివైపునను ఉండును. ఇది చాలచోట్ల 1,000 యెన్‌ల పరిసరాలలో దొరకును. మంచినీళ్లకు గాని, చిన్న అంగళ్లలో ఇచ్చు టీకి గాని సాధారణముగా వెల లేదు. డబ్బు తరచుగా గుమ్మము దగ్గర చెల్లించవలెను. వడ్డించిన వానికి వేరుగా ఇనాము ఇచ్చు ఆచారము లేదు. బల్లపై చిల్లర విడిచిపోయినచో మరచితిరనుకొని వెంట పరుగెత్తివచ్చి ఇత్తురు. ఇజకాయా అను రాత్రి అంగళ్లలో మాత్రము మనము అడుగకయే ఒక చిన్న గిన్నెలో ఏదియో తెచ్చి పెట్టుదురు. అది ఉచితము కాదు. కూర్చున్నందుకు రుసుము వంటిది. తెలియనివారు లెక్క చూచుకొని తగవునకు దిగుదురు.

భోజనము రెండు పుల్లలతో. వానిని పట్టుట నాలుగు దినములలో అలవడును; తప్పుగా పట్టినను ఎవ్వరును నవ్వరు. కాని రెండు పనులు చేయరాదు. పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. మరణించినవారి తలాపున పెట్టు అన్నమున అట్లు గ్రుచ్చుదురు. ఒకరి పుల్లలనుండి మరియొకరి పుల్లలకు పదార్థము అందింపరాదు. దహనానంతరము అస్థులను బంధువులు అట్లు అందుకొందురు. అస్థిసంచయనము, పిండప్రదానము ఎరిగిన మనకు ఈ నిషేధముల లోతు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక శాకాహారులకు అసలైన చిక్కు. నేను శాకాహారిని. మాంసమున్నదా యని సైగలతోను, ఫోనులోని అనువాదముతోను అడిగినచో లేదని చెప్పుచుండిరి. అది అబద్ధము కాదు. వారి వాడుకలో మాంసమనగా జంతువులది, చేప వేరు. దీనికి పాత చరిత్ర కలదు. క్రీ.శ. 675లో టెమ్ము చక్రవర్తి సంవత్సరమున కొంతకాలము ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి మాంసములను నిషేధించెను. అందులో చేప లేదు. 1872లో మెయిజీ చక్రవర్తి తాను గోమాంసము తినిన సంగతి లోకమునకు తెలియజేసిన పిదప ఆ పాత కట్టుబాట్లు వేగముగా సడలినవి. వారి పులుసులకు మూలమైన దాషి అను రసమును సాధారణముగా ఎండుచేప తురుముతోను, కొంబు అను సముద్రపు నాచుతోను కాచుదురు. 1908లో కికునే ఇకెడా అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ కొంబునందలి రుచికి కారణమైన పదార్థమును వేరుపరచి, ఆ రుచికి ఉమామి అని పేరిడెను.

మూడు వారములు ఇష్టముగ త్రాగిన మిసో పులుసులో చేపరసమున్నదని నాకు తెలిసిన దినమున అన్నము సహింపలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి మా అమ్మగారితో చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, “తెలియక తిన్నదానికి ఏడ్వకు నాయనా. తెలిసిన తరువాత ఏమి చేసెదవో అది ఆలోచించుకో” అనినది.

మరునాడు గదియజమానిచేత ఒక చీటి వ్రాయించుకొంటిని: మాంసము, చేప, చేపరసము తినను, కొంబుతోను, పుట్టగొడుగులతోను కాచిన రసమైనచో తినెదను. కొన్ని అంగళ్లవారు చీటి చదివి, చేతులు అడ్డముగ పెట్టి, మా దగ్గర లేదని వంగి నమస్కరించిరి. ఆ నిరాకరణము నాకు మర్యాదగానే తోచినది. కొందరు అన్నము, చేపతురుము చల్లని టోఫు, ఊరగాయలు చూపిరి. బౌద్ధాలయములలో షోజిన్ ర్యోరి అను శాకాహారము దొరకును. వెల ఎక్కువ గనుక అది నాకు పండుగ భోజనమైనది. ఇట్టి చీటిని శాకాహారులు బయలుదేరుటకు ముందే వ్రాయించుకొనుట మంచిది.

పరదేశి వంటింటికి ఏమియు ఈయలేడని కూడ అనుకొనరాదు. 1915లో జపాను చేరిన రాస్ బిహారీ బోసునకు టోక్యోలో నాకమురాయా అను రొట్టెల అంగడి యజమానులు ఆశ్రయమిచ్చిరి. వారి కుమార్తె తోషికోను ఆయన 1918లో వివాహమాడెను. 1927లో ఆ అంగడివారు భోజనశాల తెరచినప్పుడు మన పద్ధతి కోడికూరయు అన్నమును వడ్డించిరి. ఆ వంటకము నేటికిని అక్కడ ప్రసిద్ధము.

తిని లేచునప్పుడు జపానువారు “గోచిసోసామా” అందురు. ఈ భోజనము కొరకు అటునిటు పరుగులిడి శ్రమపడినవారికి కృతజ్ఞత అని దాని భావము. మన పెద్దలు విస్తరిముందు లేచుచు “అన్నదాతా సుఖీభవ” అనుట వంటిదే. నేను తరచుగ పోవు అంగడిలోని ముసలమ్మ రెండవ నెలలో చీటి అడుగుట మానినది. నేను తెర తొలగించి లోనికి రాగానే కొంబురసము వేరుగ పొయ్యిమీద పెట్టెడిది.