ఉజ్జీవానికి గీటురాయి కులమే

మా ఊళ్లో ఏటా వేసవిలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు జరుగుతాయి. ఒక ఏడాది చివరి రాత్రి, పాపాలు ఒప్పుకోవడానికి ముందుకు రమ్మని ప్రసంగీకుడు పిలిచినప్పుడు, మా సంఘ పెద్ద ఒకరు వేదిక ముందు మోకరించి వెక్కివెక్కి ఏడ్చారు. నెల తిరక్కముందే మా సంఘంలో ఒక మాదిగ యువకుడికి, మాల యువతికి పెళ్లి కుదిరింది. ఇద్దరూ ఒకే సండే స్కూల్లో పెరిగినవారు, ఒకే గాయక బృందంలో పాడినవారు. ఆదివారం ఆరాధనలో వారి పెళ్లి ప్రకటన చదవకుండా అడ్డుపడింది ఆ పెద్దే. ఇరువైపుల బంధువులూ నొచ్చుకుంటారన్నది ఆయన వాదన. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు. ఆ జంట రిజిస్ట్రారు కార్యాలయంలో పెళ్లి చేసుకుంది. మళ్లీ గుడి గడప తొక్కలేదు. ఆనాటి నుంచి ఉజ్జీవం అన్న మాట వినబడినప్పుడల్లా చదవని ఆ ప్రకటనే నాకు గుర్తుకొస్తుంది.

ఉజ్జీవాన్ని కన్నీళ్లతో, జనసంఖ్యతో కొలిచే అలవాటు మనది. బైబిలు కొలమానం వేరు. పెంతెకొస్తు తరువాత వేలమందితో పెరిగిన యెరూషలేము సంఘంలో మొదట తలెత్తిన అంతర్గత తగాదా పంపకం గురించే. రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న ఫిర్యాదు వచ్చింది. క్రీస్తులో భేదాలు లేవంటూ అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయానికి గురైన పక్షానికే పంపకం బాధ్యత అప్పగించారని దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెలుగు నేల మీదా ఇలాంటి ఘట్టం ఉంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పనిచేసిన తొలి రోజుల్లో, మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాలవారు చెప్పారు. ఆయన పైకులాలవారినే వదులుకున్నారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలాది పేదలకు కూలి చూపించారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అత్యధికులు మాదిగలు. వారిని నీళ్లలో ముంచి లేపింది తెలుగు బోధకులే. అలా మారినవారు ఆదివారం పని చేయబోమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టబోమన్నారు. అందుకు గ్రామ పెత్తందార్ల కక్షను భరించారు. అదీ ఉజ్జీవం.

ఆ వారసత్వాన్ని మనమేం చేశాం? గుంటూరు సీమలో లూథరన్ సంఘం మాలలదనీ, ఒంగోలు సీమలో బాప్టిస్టు సంఘం మాదిగలదనీ పేరుపడ్డాయి. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో యేసు పేరు పక్కనే రెడ్డి, కమ్మ, మాల, మాదిగ అన్న పేర్లు నిస్సంకోచంగా కనబడతాయి.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు దానిని విస్తరించారు. క్రైస్తవ దళితులకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిది బీసీ-సీ కింద ఒక్క శాతం వాటా. మతం మారినా కులం వెంటాడుతోందని సంఘాలు ఏటా ఆగస్టు 10ని నల్లదినంగా పాటిస్తున్నాయి. ఆ మాట నిజం, ఆ కోరిక న్యాయం. అయితే వీధిలో ఉందని చాటిన కులాన్ని ఆదివారం ప్రసంగపీఠం మీద లేదనడం ఏం నీతి? ఈ దాపరికం మన న్యాయమైన పోరాటాన్నే బలహీనపరుస్తుంది.

జక్కయ్య ఏడ్చినట్టు లూకా రాయలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని రాశాడు. మారుమనస్సుకు రుజువు తిరిగి ఇవ్వడమే. సంఘాలు తిరిగి ఇవ్వాల్సినవి చాలా ఉన్నాయి: కమిటీలో చోటు, సంఘ ఆస్తుల లెక్క, సమాధుల తోటలో సమాన స్థలం, కులం దాటిన పెళ్లికి బహిరంగ ఆశీర్వాదం.

నా బాకీ కూడా ఉంది. వచ్చే వేసవి సభలకు పందిరి వేయకముందే మా కమిటీలో ఒక తీర్మానం పెడుతున్నాను. ఆనాడు ప్రకటన ఎందుకు చదవలేదో సంఘమంతటి ముందు ఒప్పుకోవాలి. ఆ జంట ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాలి. తీర్మానం వీగిపోవచ్చు. నేను మాత్రం ఈసారి మౌనంగా కూర్చోను.