దీపముండగానే: టార్చిలైటు మరల సంరక్షణ

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ దీపమునే ముందుగా చక్కబెట్టుకొనవలెనని మాకు తెలిసివచ్చినది 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి. ఆనాడు ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్క దినములో దాదాపు 32 సెంటీమీటర్ల వర్షము కురిసినది. హబ్సిగూడ, రామంతాపురము, ఉప్పలు ప్రాంతములలో అనేక ఇండ్లలోనికి నీరు చేరినది. మా వీధిలో విద్యుత్తు పోయినది. సెల్‌ఫోను అంతకు ముందే ఆగిపోయినది. అమ్మీకి రాత్రి వేయవలసిన మాత్ర ఏదో చీటీ చూచి తీయవలెను. ఇంట అల్యూమినియము టార్చిలైటు ఉన్నది, క్రొత్త బ్యాటరీలును ఉన్నవి. కాని దాని అడుగు మూత ఎంత త్రిప్పినను కదలలేదు. చివరకు పొరుగింటి కొవ్వొత్తి వెలుగున, రెండు గంటలు ఆలస్యముగా ఆమెకు మాత్ర వేయగలిగితిమి.

నాచారములోని ఒక కర్మాగారమునకు రాత్రి కాపలా కాయు చాచా ఒకరు మా వీధిలోనే ఉందురు. మరునాడు ఆయన మూత సందున నాలుగు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి, గంటసేపు ఉంచి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి మెల్లగా త్రిప్పగా మూత వచ్చినది. లోపల పాత బ్యాటరీ కారి తెల్లని ఉప్పు పేరుకొన్నది. రబ్బరు వలయము తెగియున్నది. "సార్, ఇది ఖరాబు కాలే. మీరు దీన్ని ఎన్నడూ విప్పి చూడలే, గంతే" అన్నారాయన. ఎం.ఏ. చదివిన మాకు ఆ మాటకు బదులు తోచలేదు. ఆయన వద్ద నేర్చినదానిని, పిదప చదివి తెలిసికొన్నదానిని ఇచట వివరించుచున్నాము.

బ్యాటరీలను ఒకదాని వెనుక నొకటి గొట్టములో పేర్చు టార్చిలైటుకు డేవిడ్ మిసెల్ 1899లో అమెరికాలో పేటెంటు పొందెను. నేటికిని దాని నిర్మాణము ప్రాయికముగా అదియే: నడుమ గొట్టము, ముందు తల, వెనుక మూత, వీనిని కలుపునవి మరలు. లోహపు టార్చిలైట్లలో పెక్కింటికి ఆ గొట్టమే విద్యుత్తు తిరిగివచ్చు మార్గము. కనుక మూత బిగియుట యనగా తలుపు మూయుట మాత్రమే కాదు, తీగ కలుపుట కూడను.

మరల ప్రక్కన గాడిలో నుండు రబ్బరు వలయమును ఓ-రింగు అందురు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1939లో దీనికి పేటెంటు పొందెను. ఇది కొంచెము నొక్కుకొని సందును పూడ్చి నీటిని ఆపును. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్షనౌక కూలి ఏడుగురు మరణించుటకు, చలికి బిగుసుకొన్న రబ్బరు వలయము తన సందును మూయలేకపోవుటయే కారణమని తేలినది. చిన్న వస్తువని చులకన చేయరాదు.

నీటిని ఆపునది వలయమే గాని గ్రీజు కాదు. గ్రీజు చేయు పని వేరు: పొడి రబ్బరు మూత త్రిప్పునపుడు మెలిపడి తెగకుండ కాపాడును. మరలకును అది అవసరమే. పొడి అల్యూమినియము అల్యూమినియముతో రాసినచో ఒకదాని నొకటి పట్టి చీల్చుకొనును. దానికి దుమ్ము తోడైనచో మూత బిగిసిపోవును.

శుభ్రపరచు విధానమిది. మొదట బ్యాటరీలు తీసివేయవలెను. మరలను పాత పళ్ళబ్రష్షుతోను, పొడిగుడ్డతోను తుడువవలెను. బ్యాటరీ కారియున్నచో ఉప్పును వట్టిచేతితో తాకరాదు. సాధారణ జింకు బ్యాటరీయైన వంటసోడా కలిపిన నీటిలోను, ఆల్కలైన్ బ్యాటరీయైన నిమ్మరసములోను కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, పిదప మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. వలయమును సూదితో గాక వ్రేళ్ళతోనో, మొద్దు పుల్లతోనో తీసి, పగుళ్ళున్నచో క్రొత్తది వేయవలెను. తరువాత బియ్యపుగింజంత సిలికోన్ గ్రీజును వ్రేళ్ళమధ్య పరచి వలయమునకు పట్టింపవలెను. అది మెరసిన చాలును. మిగిలినది మరలకు పలుచగా పూయవలెను. గొట్టపు అంచున లోహము లోహమును తాకు చోట మాత్రము గ్రీజు ఉండరాదు. అది విద్యుత్తును సాగనీయదు. దీపము మినుకుమినుకు మన్నచో మొదట తుడువవలసినది ఆ అంచునే.

ఇంటిలోని నూనె చాలదా యని అడుగుదురు. వేరుసెనగ నూనె గాలి తగిలి క్రమముగా జిగురగును. కొబ్బరినూనె చలికాలమున గడ్డకట్టును. వాజెలైను, కుట్టుమిషను నూనె పెట్రోలియమునుండి వచ్చినవి. నైట్రైల్ రబ్బరు వానిని ఓర్చుకొనును గాని సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడును. చాచా నూనె వేసినది బిగిసిన మూతను విప్పుటకే, వలయమును కాపాడుటకు గాదు. మన వలయమేదో తెలియనపుడు సిలికోన్ గ్రీజే మేలు. వలయమే సిలికోన్ రబ్బరుదని పెట్టెపై వ్రాసియున్నచో మాత్రము అది పనికిరాదు; అట్టిది ఆ గ్రీజుకు ఉబ్బును.

మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెనుదీసిన పిదప మరొకసారి ఈ పని చేసిన చాలును. నెలలతరబడి వాడనిచో బ్యాటరీలు తీసి వేరుగా నుంచవలెను.

విద్యార్థులారా! ఈ పనికి పట్టునది పావుగంట. నేడు మా ఇంట టార్చిలైటు అమ్మీ మంచము ప్రక్కననే ఉండును. ఆమె మూతను తానే రెండు వ్రేళ్ళతో త్రిప్పి తీయగలరు. అంత సులువుగా తిరిగినప్పుడే ఆ దీపము సిద్ధముగా నున్నదని మేము తలంచుదుము. మీ ఇంటి టార్చిలైటు మూతను ఈ సాయంకాలము, వెలుతురుండగనే, ఒకసారి త్రిప్పి చూడుడు.